ఆ ఎండుటాకులకు నిప్పు పెట్టకండి, అందులో సీతాకోకచిలుకలు ఉన్నాయి

శివరాత్రి దాటిందంటే మా కాలనీలో పొద్దున్నే పొగ మొదలవుతుంది. రాలిన ఆకులన్నీ ఊడ్చి, కుప్ప పోసి, అగ్గిపుల్ల గీస్తారు. సరిగ్గా అవే రోజుల్లో వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు బాధపడతారు: "ఈ మధ్య సీతాకోకచిలుకలు అసలు కనిపించడం లేదండీ, మా చిన్నప్పుడు ఎన్ని ఉండేవో!" ఈ రెండింటికీ సంబంధం ఉంది. అది చెప్పడానికే ఈ పోస్ట్. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

వసంతం వస్తోందనగానే మనం పూల మీద రంగురంగుల రెక్కల కోసం చూస్తాం. మన దక్కన్‌లో మాఘ, ఫాల్గుణ మాసాలు అలా ఉండవు. గడ్డి ఎండిపోతుంది, అడవి ఆకు రాలుస్తుంది, వాన జాడ ఉండదు. వానాకాలం చివర్లో కనిపించినన్ని సీతాకోకచిలుకలు ఇప్పుడు కనిపించవు. అలాగని లేకుండా పోలేదు. చాలావాటి రంగు మారిపోయింది.

ఈవెనింగ్ బ్రౌన్‌నే తీసుకోండి. వరి పైర్ల మీద, గడ్డి మీద పెరిగే జాతి ఇది. వానాకాలంలో పుట్టినదానికి రెక్కల అడుగువైపు వరసగా కళ్ళలాంటి గుండ్రటి మచ్చలు స్పష్టంగా ఉంటాయి. ఎండాకాలపు రూపంలో ఆ కళ్ళు దాదాపు మాయమవుతాయి. రెక్క అంచు కోణం తేలి, మట్టిరంగు, గోధుమరంగు, బూడిదరంగు కలిసి అచ్చం ఎండుటాకులా తయారవుతుంది. పైగా ఒకదాని నమూనా ఇంకోదానికి సరిపోలదు, రాలిన ఆకులు అన్నీ ఒకేలా ఉండవు కదా. పగలంతా ఆకుల మధ్య కదలకుండా ఉంటుంది. మీ కాలు దగ్గరికి వస్తే లేచి, నాలుగడుగులు ఎగిరి, మళ్ళీ ఆకుల్లో దిగుతుంది. దిగిన చోటు మీ కళ్ళతో చూసినా మళ్ళీ దొరకదు. సాయంత్రం దీపాల వేళ ఇంట్లోకి వస్తే చిమ్మట అనుకుని చీపురు తీస్తారు. దయచేసి ఆగి చూడండి. రెక్కలు పైకి మూసి నిలబెట్టిందా, మీసాల చివర ఉబ్బుగా ఉందా? అయితే అది సీతాకోకచిలుకే.

పీకాక్ పాన్సీ ఇంకా చిత్రం. పైవైపు నారింజ రంగు, పెద్ద నెమలికన్ను మచ్చలు, ఎవరైనా గుర్తుపడతారు. అడుగువైపు మాత్రం ఎండాకాలంలో పూర్తిగా వేరు: మచ్చలు ఉండవు, రెక్క కొన సాగి ఉంటుంది, మధ్యలో ఆకు ఈనెలాంటి గీత. రెండు రూపాలకూ ఎంత తేడా అంటే, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన లినేయస్ అంతటివాడు 1758లో వాటిని రెండు వేర్వేరు జాతులుగా లెక్కించి అల్మానా, ఆస్టెరీ అని పేర్లు పెట్టాడు. రెండూ ఒకటేనని తర్వాత తేలింది. గొంగళిపురుగుగా, ప్యూపాగా (రెక్కలు వచ్చేముందు కదలకుండా ఉండే గూడు దశలో) ఉన్నప్పుడు ఎదురైన వాతావరణాన్ని బట్టే ఏ రూపం రావాలో తేలిపోతుంది.

అందుకే ఈ కాలంలో ఒక్క ఫొటో తీసి, జాతిని గుర్తుపట్టే యాప్ చెప్పిన మొదటి పేరుకే ఓకే కొట్టేయడం నాకు నచ్చదు. రెక్కలు విప్పిన ఫొటో ఒకటి, మూసిన ఫొటో ఒకటి, వీలైతే అది వాలిన మొక్క ఫొటో. తేదీ తప్పనిసరి, ఎందుకంటే అక్టోబరులో తీసిన బొమ్మతో మార్చిలో చూసినదాన్ని పోలిస్తే లెక్క తప్పుతుంది. బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో రెండు కాలాల రూపాలూ ఉంటాయి, అక్కడ సరిచూసుకోండి.

మచ్చలు కూడా ఓపిగ్గా లెక్కపెట్టాలి. జిల్లేడు చుట్టూ తిరిగే నారింజ రంగు ప్లెయిన్ టైగర్‌ను అందరూ చూసే ఉంటారు. జిల్లేడు విషం ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పక్షులు సాధారణంగా దాని జోలికి రావు. ఆ ధైర్యాన్ని అరువు తెచ్చుకుని డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే వేరే జాతిలోని ఆడది అచ్చం అదే వేషం వేస్తుంది. వెనక రెక్క మధ్యలో మూడు నాలుగు నల్లచుక్కలు ఉంటే ప్లెయిన్ టైగర్, పై అంచు దగ్గర ఒక్కటే ఉంటే ఎగ్‌ఫ్లై. గంగవాయిలి కూర దగ్గర తచ్చాడుతుంటే ఎగ్‌ఫ్లైయేమోనన్న అనుమానం ఇంకా బలపడుతుంది, దాని పిల్లలు తినేది ఆ ఆకే. మొక్కలు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. తంగేడు దగ్గర ఎమిగ్రెంట్లు, ఆముదం మీద కాస్టర్, రణపాల మీద రెడ్ పియరో అనే సీతాకోకచిలుకలు కనిపిస్తాయి.

కరివేపాకు సంగతి చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు కొత్త చిగురు వేసే సమయం. దాని మీద పక్షి రెట్టలా కనిపించే చిన్న పురుగు, పెద్దయ్యాక పచ్చగా మారి, ముట్టుకుంటే తల వెనక నుంచి ఘాటు వాసన వేసే ఎర్రటి కొమ్ముల్లాంటిది బయటికి తీస్తుంది. అదే రేపటి కామన్ మార్మన్ లేదా లైమ్ బటర్‌ఫ్లై అనే సీతాకోకచిలుక. కుండీలో మొక్క మీద దాన్ని చంపి, పార్కులో సీతాకోకచిలుకతో సెల్ఫీ తీసుకునేవాళ్ళను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. నాలుగు రెమ్మలు పోతే మార్కెట్లో కరివేపాకు కట్ట కొనుక్కోవచ్చు.

ఇక మంటల విషయం. రెక్కలున్నవి కొన్ని ఎగిరి తప్పించుకుంటాయి, కానీ దాక్కునే చోటు పోయాక పక్షులకు దొరికిపోతాయి. ఆకులకూ పుల్లలకూ అంటుకుని ఉన్న ప్యూపాలు అసలు కదల్లేవు. వానలు పడి గడ్డి మొలిచేదాకా ఇవి బతికి ఉంటేనే తర్వాతి తరం ఉంటుంది.

అడవిలో పరిస్థితి వేరు. నల్లమల లాంటి చోట తునికాకు బాగా చిగురించాలని, ఇప్పపూలు ఏరుకోవడానికి నేల కనబడాలని నిప్పు పెట్టడం ఉంది. ఆ తునికాకు మీదే బారోనెట్ అనే అందమైన జాతి పెరుగుతుంది కాబట్టి నాకు బాధే, కానీ అది కూటి కోసం పడే పాటు, ఊళ్ళో కూర్చుని నేను తీర్పు చెప్పను. మన కాలనీల్లో పెట్టే మంట ఎవరి కడుపు నింపుతోంది? పొగకు పిల్లలు దగ్గుతున్నారు, అంతే.

దోమలొస్తాయంటారు. దోమలు గుడ్లు పెట్టేది నిలవనీటిలో, ఎండుటాకుల్లో కాదు. పాముల భయం న్యాయమైనదే, కాబట్టి గుమ్మాల దగ్గర, నడిచే దారిలో, పిల్లలు ఆడుకునే చోట శుభ్రంగా ఊడ్వండి. చెట్ల కింద పాదుల్లో, ఎవరూ తిరగని మూలల్లో వదిలేయండి. అక్కడ పరచిన ఆకు నేలలో తేమనూ కాపాడుతుంది. ఊడ్చేవాళ్ళను తిట్టకండి, వాళ్ళకు చెప్పింది వాళ్ళు చేస్తున్నారు. చెప్పేది మనమే.

మీ అసోసియేషన్ మీటింగ్‌లో ఈ నెలే అడగండి: జూన్‌లో వానలు పడేదాకా చెట్ల కింది ఆకు జోలికి పోవద్దని, ఒప్పుకోకపోతే కనీసం ఊడ్చిన కుప్పకు నిప్పు పెట్టవద్దని, ఎరువు గుంతలో వేయమని. మా దగ్గర పార్కు వెనక భాగం వరకు ఒప్పుకున్నారు. ముందు భాగం గురించి వచ్చే మీటింగ్‌లో మళ్ళీ అడుగుతాను.