జారి రావడానికి ఎగిరి వెళ్ళడం గురించి

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర టీ తాగే పెద్దమనుషుల ముందుకు ఈ మధ్య ఒక అభియోగం వచ్చింది. మా వీధిలో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడిన ఒక కుర్రవాడు, స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, అద్దెకు తెచ్చిన నాలుగు సీట్ల విమానాన్ని తానే నడుపుకుంటూ శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతం నుంచి ట్రకీ అనే కొండ ఊరికి వెళ్ళి, కాళ్ళకు స్నోబోర్డు బిగించుకుని రోజంతా మంచు మీద జారి, చీకటి పడేలోగా ఇంటికి తిరిగి వచ్చాడన్నదే ఆ అభియోగం. వీడియో చూసిన పెద్దాయన ఒకరు ఫోను తిరిగి ఇచ్చేస్తూ, "ఏటి బాబూ, జారి పడ్డానికా అంత ఎత్తుకెల్లినాడు?" అని అడిగారు. అడిగింది ఒక్క మాటే గానీ అందులో ఆధునిక జీవితం పట్ల ఘోరమైన అపార్థం ఉంది కనుక, కుర్రవాడి పక్షాన వాదించడానికి ఎవరో ఒకరు పూనుకోక తప్పదు.

మొదటి వాదం కాలానికి సంబంధించినది. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ట్రకీకి రోడ్డు మార్గం సుమారు 300 కిలోమీటర్లు. శనివారం పొద్దున ఆ నగరంలో సగం మంది అదే మంచు కోసం అదే రోడ్డెక్కుతారు. మంచు గట్టిగా కురిస్తే చక్రాలకు గొలుసులు కట్టుకోనిదే చాలా కార్లను కనుమ దాటనివ్వరు. విమానంలో అయితే గంట, గంటన్నర. మిగిలిన సమయమంతా లాభమే. ఆ లాభాన్ని కుర్రవాడు ఎలా వినియోగించాడో కూడా చెప్పాలి. ముందురోజు రాత్రి నిద్ర మానుకుని వాతావరణ సూచనలు చదివాడు. పొద్దున్నే విమానం చుట్టూ ప్రదక్షిణం చేశాడు. రెక్కల మీద రాత్రి పేరుకున్న నూగుమంచును తుడిచాడు, ఎందుకంటే గరుకు కాగితమంత పొర ఉన్నా రెక్కకు లేచే శక్తి తగ్గుతుంది. నూనె కొలిచాడు. రెక్క కింద ఉన్న చిన్న మీటలను ఒక్కొక్కటిగా నొక్కి, పారదర్శకమైన గొట్టంలోకి కాస్త ఇంధనం పట్టి, సూర్యుడికెదురుగా ఎత్తి చూశాడు. ఆ ఇంధనం బట్టలకు పెట్టే నీలిమందు కలిపిన నీళ్ళలా లేతనీలంగా ఉంటుంది. అందులో నీరు చేరితే బరువుకు అడుగున బుడగలా నిలుస్తుంది, ఆ బుడగ ఇంజనులోకి వెళితే గాలిలో ఇంజను ఆగిపోతుంది. కార్ల పెట్రోలులోంచి 2021 నాటికి ప్రపంచమంతటా తొలగించిన సీసం ఈ నీలి పెట్రోలులో మాత్రం ఇంకా భద్రంగా ఉంది. నీరు ఉందేమోనని అంత నిష్ఠగా వెతికే కుర్రవాడు సీసం ఊసెత్తడు. అది అక్కడ ఉండవలసిన వస్తువే కదా.

తరువాత తూకం. మనవాళ్ళు పెళ్ళి సంబంధం చూసేటప్పుడు జీతం అడుగుతారు గానీ బరువు అడగరు. విమానం నడిపేవాడు ప్రాణస్నేహితుణ్ణి కూడా మొహమాటం లేకుండా బరువు అడిగి, దానికి బూట్లు, బోర్డులు, కోట్లు కలిపి, ఏది ఎక్కడ పెడితే విమానం ముక్కు ఎటు వాలుతుందో లెక్క కడతాడు. సెస్నా 172 అనే ఈ రకం విమానాలు 1956 నుంచి నలభై వేలకు పైగా తయారయ్యాయి, ప్రపంచంలో ఇంతగా తయారైన విమానం మరొకటి లేదు. దానికి సీట్లు నాలుగే అయినా, ట్యాంకులు పూర్తిగా నింపితే నలుగురు నిండు మనుషులను మోయలేదు. చీపురుపల్లి రోడ్డు మీద తిరిగే ఆటోలలో సామర్థ్యాన్ని నిర్ణయించేది ఆఖరున వచ్చిన ప్రయాణికుడు; ఈ ఉదారమైన సంప్రదాయం ఇంకా అమెరికా చేరలేదు.

ఇంత చేశాక కూడా ప్రయాణం సాగుతుందన్న హామీ లేదు. ట్రకీ విమానాశ్రయం సముద్రమట్టానికి 5,900 అడుగుల ఎత్తున ఉంది. పైకి పోయినకొద్దీ గాలి పలచబడి ఇంజను బలం ప్రతి వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం తగ్గుతుంది. పర్వతశిఖరాల మీదుగా గాలి బలంగా వీస్తే, అవతలి వాలులో అది కిందికి దూకుతూ చిన్న విమానాన్ని తనతో పాటు లాక్కుపోతుంది. అందుకే తెలిసినవాళ్ళు శిఖరానికి ఎదురుగా కాక ఏటవాలుగా వెళతారు, బాగులేదనిపిస్తే పక్కకు తిరిగి వచ్చేయడానికి. మేఘం కనిపిస్తే రెక్కలపై మంచు గడ్డకడుతుందన్న భయంతో అసలు బయలుదేరరు. అంటే మంచు కోసం వెళ్ళే ఈ యాత్ర మంచు కురిసే రోజున మాత్రం జరగదు. రాహుకాలం, వర్జ్యం చూసుకుని గడప దాటే మన పెద్దలు ఈ ఒక్క కారణానికైనా కుర్రవాణ్ణి మెచ్చుకోవాలి.

ఇక జారడం. స్నోబోర్డు పూర్వీకుడిని 1965 క్రిస్మస్ రోజున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒక తండ్రి, మంచు మీద జారే స్కీ పలకలు రెండింటిని కలిపి కట్టి, పిల్లల ఆట కోసం తయారుచేశాడు. 1998 నగానో ఒలింపిక్స్ నాటికి అదే ఆటకు పతకాలు వచ్చాయి. నేర్చుకునే దశలో ఎక్కువ భాగం వెల్లకిలా పడటంతోనే గడుస్తుందంటారు. మన విజయనగరానికి దాని గురించి చిన్నచూపు తగదు: ఆటలో పెద్ద ప్రావీణ్యం లేకపోయినా ఆటగాడిగా వెలగవచ్చని 1936 ఇంగ్లండు పర్యటనలో భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా వెళ్ళిన మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ నిరూపించి ఉన్నాడు. ఎత్తు గురించి కూడా భయపెట్టవద్దు. ఏటా దసరా వెళ్ళిన మంగళవారం నాడు పైడితల్లి అమ్మవారి పూజారి సిరిమాను అనే పొడవాటి చెట్టు మాను కొసన ఆకాశంలో కూర్చుని అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తారు. తేడా ఒక్కటే: ఆయన వెళ్ళే పనికి అర్థం ఉంది, ఊరంతా దణ్ణం పెడుతుంది.

అసలు పెద్దాయన పొరబాటు ఎక్కడంటే, కుర్రవాడు జారడానికి ఎగిరాడని అనుకోవడంలో. కాదు, ఎగరడానికే జారాడు. గంటకు ముప్పై లీటర్ల పైచిలుకు తాగే యంత్రాన్ని ఊరికే ఆకాశంలో తిప్పుకొస్తే మనస్సాక్షి ప్రశ్నిస్తుంది. "మంచుకు పోతున్నాం" అంటే నోరు మూసుకుంటుంది. మనం చేసేదీ అదే. అర్ధరాత్రి కారులో పిల్లలను, దుప్పట్లను కుక్కుకుని ఆంధ్రా కశ్మీర్ అని పిలుచుకునే లంబసింగికి పోయి, పొగమంచులో ఎదుటి మనిషి కనిపించక, ఆ కనిపించనిదాన్నే ఫోటో తీసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరడం మన జిల్లాలలో ఎవరికీ వింత కాదు.

కాబట్టి ఈ సౌకర్యాన్ని ఇక్కడికి తేవడమే తరువాతి పని. కేంద్ర పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడే. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట తలపెట్టిన విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది కనుక పునాది విషయంలో ఎవరికీ అనుమానం ఉండదు. లోటు మంచు ఒక్కటే. కశ్మీర్‌లో మంచు ఆటలకు పేరుపడ్డ గుల్మార్గ్ ఇక్కడికి ఆకాశమార్గాన సుమారు రెండు వేల కిలోమీటర్లు. సెస్నా వేగానికి అది తొమ్మిది గంటలు, దారిలో ఇంధనం కోసం దిగడాలు వేరు. కశ్మీర్ లోయకు అడ్డంగా నిలిచిన పీర్ పంజాల్ పర్వతశ్రేణి దగ్గరికి వచ్చేసరికి ఆ విమానం ఎగరగల ఎత్తు కూడా ఇంచుమించు అయిపోతుంది. అంచేత విజయనగరం నుంచి ఒక్కరోజు మంచుయాత్రకు కనీసం మూడు రోజుల సెలవు అవసరమౌతుంది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఉద్యోగ సంఘాలు ఈ సెలవు కోసం ఇప్పటి నుంచే వినతిపత్రాలు సిద్ధం చేసుకోవాలి.

ఖర్చు పంపకం ఒక్కటి తేలాలి. సొంత సరదాకు నడిపే లైసెన్సు ఉన్నవాడు ప్రయాణికుల దగ్గర లాభం తీసుకోకూడదని, ఇంధనం, నూనె, విమానాశ్రయ రుసుములు, అద్దె అనే నాలుగింటిలో తన వాటాకు తగ్గకుండా తాను భరించాలని అమెరికా నిబంధన చెబుతుంది. ఇద్దరు వెళితే చెరి సగం. కొండ మీద తిన్న భోజనం ఆ నాలుగింటిలో లేదు. దాని బిల్లు ఎవరు కట్టారన్న దాని మీద కుర్రవాడి నాన్నగారికీ, స్నేహితుడి నాన్నగారికీ మూడు లాంతర్ల దగ్గర వాదన ఇంకా నడుస్తూనే ఉంది.