మావాడి పుట్టుమచ్చలు, మా ఇంటి యూనిట్లు

మొన్న మావాడు పదో తరగతి సోషల్ పరీక్ష రాసి ఇంటికొచ్చాడు. చెప్పులు ఇంకా విప్పలేదు, నా ఫోను మోగింది.

"సార్ నమస్తే. బాబు సోషల్ బాగా రాశాడా? ప్రీఫైనల్లో లెక్కలు 91 వచ్చినాయి గదా, మనం ఎంపీసీలో వేసేద్దాం సార్. మేడంగారు బైపీసీ అంటున్నారంట. నేను మాట్లాడతాలే మేడంతో."

ఎవరో ఇంటర్ కాలేజీ పీఆర్వో. మా ఆవిడ బైపీసీ అంటున్న సంగతి అప్పటికి నాకే తెలియదు. అడిగితే, సంక్రాంతి సెలవులకు ముందు స్కూలు వాళ్లు 'పిల్లల భవిష్యత్తుపై తల్లి అభిప్రాయం' అని ఒక కాగితం పంపారట, అందులో రాసిందట. నాకు చెప్పాల్సిన మాట స్కూలుకు చెప్పింది, స్కూలు పీఆర్వోకు చెప్పింది, పీఆర్వో నాకు చెప్పాడు. సంసారంలో ఇట్లాంటి సాయం ఎవరు చేస్తారండీ? ఆ సాయంత్రానికి పదకొండు ఫోన్లొచ్చాయి. పిల్లాడి సొంత మేనమామ మాత్రం ఇప్పటిదాకా చేయలేదు. నెల్లూరులో పదో తరగతి పిల్లాడున్న ఇంటికి వేరే చుట్టాలు అక్కర్లేదు.

పిల్లల వివరాలు బయటికెట్లా పోయాయని గొడవ చేసేవాళ్లు కొందరుంటారు. నేను ఆ రకం కాదు. ఒక పిల్లాడి గురించి ఊరంతా తెలుసుకోవాలని తపించే వ్యవస్థను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

ఎల్కేజీలో చేర్చిన రోజు నాలుగు పేజీల ఫారం నింపాం. కులం, అందులో శాఖ, నా జీతం, మా ఆవిడ చదువు, సొంతిల్లా అద్దిల్లా, కారుందా బండుందా, తాతగారు ఏం చేసేవారు. మూడున్నరేళ్ల పిల్లాడికి అఆలు దిద్దించడానికి మా నాన్న చేసిన ఉద్యోగంతో పనేముందా అని ఆ రోజు కాస్త అనుకున్నాను. తప్పే. రెండేళ్ల తర్వాత ఫీజులో ఏమైనా తగ్గించమని అడగబోతే, కరెస్పాండెంట్ గారు బీరువాలోంచి ఆ ఫారమే తీసి, కళ్లజోడు సర్దుకుని, "కారుంది గదండీ" అన్నారు. సమాచార సేకరణలో ఉన్న ప్రయోజనం నాకు ఆ క్షణంలో బోధపడింది.

పదికొచ్చాక నామినల్ రోల్స్ అని ఇంకో ఘట్టం ఉంటుంది. పబ్లిక్ పరీక్షకు పిల్లాడి పేరు పంపాలంటే గుర్తింపు కోసం రెండు పుట్టుమచ్చలు రాయాలి. మావాడికి ఒకటే ఉంది, మెడ వెనక. రెండోదాని కోసం క్లర్కు, క్లాసు టీచరు, ఇద్దరు స్నేహితులు కలిసి స్టాఫ్ రూం కిటికీ దగ్గర వెలుతుర్లో వాడి చేతులు తిప్పి తిప్పి చూశారట. బయట ఇంకా నలభై మంది లైన్లో ఉన్నారు. చివరికి దోమ కుట్టిన చోట నల్లగా కనపడితే, 'కుడి మోచేతి కింద పుట్టుమచ్చ' అని రాసి పంపేశారు. అది రెండు వారాల్లో మానిపోయింది. సర్టిఫికెట్లో మాత్రం వాడు బతికున్నంత కాలం ఉంటుంది.

ప్రైవేటు బళ్లనే పొగిడి ప్రభుత్వాన్ని వదిలేస్తే పాపం చుట్టుకుంటుంది. బడికి పంపే తల్లులకు డబ్బులిచ్చే తల్లికి వందనం పథకం కింద 2025లో పిల్లాడికి 15 వేల లెక్కన ఇచ్చారు. బడి నిర్వహణకు 2 వేలు పట్టుకుని, 13 వేలు తల్లి ఖాతాలో వేశారు. అది పడాలంటే ఆధార్ కలవాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిపే ఎన్‌పీసీఐ లింకు కావాలి, ఇంట్లో కారుండకూడదు, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు. మా వీధి మొదట్లో బండి మీద ఇస్త్రీ చేసే ఆమె ఉంది. ఇద్దరు పిల్లలూ గవర్నమెంటు బడే. ఆమె పేరు లిస్టులో రాలేదు. సచివాలయంలో అడిగితే, ఆమె ఆధార్‌కు ఎవరివో మూడు కరెంటు మీటర్లు తగులుకుని ఉన్నాయని చెప్పారు. బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసే మనిషి 300 యూనిట్లు ఎట్లా దాటిందని ఎవరూ అడగలేదు. కంప్యూటర్లో ఉన్నాక అడగడమేంది?

తర్వాత అపార్ వచ్చింది. దేశంలో ప్రతి విద్యార్థికీ 12 అంకెల నంబరు. తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే అని కేంద్రం చెప్పింది. మాకూ ఫారం వచ్చింది. 'అనుమతి ఇస్తున్నాను' అనే వాక్యం ముందే అచ్చయి ఉంది, సంతకం మాది. 'ఇవ్వడం లేదు' అనే వాక్యానికి కాగితం మీద చోటు చాలలేదు కాబోలు. టీచరమ్మను అడిగాను. "మీ ఇష్టం సార్, బలవంతమేం లేదు. కాకపోతే మీ ఒక్కరి వల్ల నా క్లాసు నూరు శాతం కాలేదంటే, ఎంఈవో గారు మీటింగులో నన్ను నిలబెడతారు" అంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. సంతకం పెట్టాను. స్వచ్ఛందంగానే.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని పోలీసులు ఊరంతా బోర్డులు పెట్టారు. బ్యాంకు మేనేజరు అడిగినా చెప్పని మా ఆవిడ, "ఓటీపీ వెంటనే పెట్టగలరు, అర్జెంట్" అని క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ రాగానే 64 మంది చూస్తుండగా పెట్టేసింది. ఆ గ్రూపులోనే ప్రతి నెలా పదో తారీఖున ఫీజు బాకీల జాబితా వస్తుంది, పేర్లతో సహా. ఎవరి ఇంట్లో ఏ నెల ఇబ్బందిగా ఉందో అందరికీ తెలియకపోతే ఇరుగుపొరుగు ఎందుకు?

ఢిల్లీ వాళ్లకు మన పద్ధతులు తెలియవు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని గోప్యత ప్రాథమిక హక్కని ఒక్క మాటగా తీర్పిచ్చారు. మరుసటి ఏడు సెప్టెంబరులో, బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి చేయకూడదన్నారు. 2023లో డేటా రక్షణకు చట్టమే చేశారు. 18 ఏళ్లు నిండని పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి రుజువుండే అనుమతి కావాలట, తప్పితే 200 కోట్ల దాకా జరిమానా అట. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అసలైన వాటికి 18 నెలల గడువు కూడా ఇచ్చారు. ఈ 200 కోట్ల మాట మా కరెస్పాండెంట్ గారి చెవిన వేశాను. ఆయన బెదరలేదు. "అవి పెద్ద పెద్ద కంపెనీలకండీ. మనది సేవ" అన్నారు.

ఆ చట్టంలో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. కంప్యూటర్లోకి ఎక్కిన వివరాలకే అది వర్తిస్తుంది, కాగితం మీదే ఉండిపోయిన వాటి జోలికి రాదు. దీని విలువ నాకు పొదలకూరు రోడ్డులో పునుగులు తింటుంటే తెలిసింది. పొట్లం విప్పితే అది ఎవరో ఐదో తరగతి పాప అడ్మిషన్ ఫారం జిరాక్సు. తండ్రి ఫోను నంబరు, కులం, ఇంటి నంబరు, నెల ఆదాయం, అన్నీ నూనెలో మెరుస్తున్నాయి. బ్లడ్ గ్రూపు బి పాజిటివ్. చట్నీ కాస్త పడి, ప్లస్ గుర్తులో నిలువు గీత కనపడక బి నెగటివ్ అయింది. బండాయన మీద కేసు పెట్టడానికి లేదు, ఆయన దగ్గర కంప్యూటరే లేదు.

ఫ్లెక్సీల సంగతి అందరికీ తెలిసిందే. ఫలితాలొచ్చిన మర్నాటికి పిల్లల ముఖాలు, మార్కులు, హాల్ టికెట్ నంబర్లతో సహా కూడళ్లలో వేలాడతాయి. వానాకాలానికి వాటిల్లో ఒకటి మా ఇస్త్రీ ఆమె బండికి పైకప్పయింది. కింద బొగ్గుల పెట్టె, పైన 590 మార్కుల పాప నవ్వు.

నా చిన్నప్పుడు మార్కాపురం పలక ఉండేది. తప్పు రాస్తే తడిగుడ్డ, అది లేకపోతే ఎంగిలి. ఒక్క తుడుపుతో పోయేది. కొత్త చట్టంలో కూడా తుడిపించుకునే హక్కు ఉందని చదివి, మావాడి టీసీ తీసుకునే రోజు క్లర్కును అడిగాను. పిల్లాడు వెళ్లిపోతున్నాడు కదా, వాడివి అనవసరమైన వివరాలు తీసేస్తారా అని.

"తీసేయడమంటే? యాడ తీసేయాల సార్?" అన్నాడు. నిజంగానే అడిగాడు పాపం, ఎక్కడెక్కడ ఉన్నాయో అతనికి మాత్రం ఏం తెలుసు. పోనీ మా నంబరు కాలేజీ పీఆర్వోలకు ఎవరిచ్చారో చెప్పమన్నాను. అతను కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "అది కాన్ఫిడెన్షియల్ సార్. చెప్పకూడదు."

అయినా మంచివాడు. లోపలికి వెళ్లి కరెస్పాండెంట్ గారితో మాట్లాడి, వివరాల తొలగింపుకని అప్పటికప్పుడు ఒక ఫారం టైపు చేయించుకొచ్చాడు. పిల్లాడి ఫోటోలు రెండు, ఆధార్ జిరాక్సు, తల్లిదండ్రుల ఆధార్ జిరాక్సులు, కుల ధ్రువీకరణ, ఫోనుకు వచ్చే ఓటీపీ. ఆలోచించి చెబుతానని వచ్చేశాను.

ఆ రాత్రి గ్రూపులో మెసేజ్ వచ్చింది. "ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం. కొందరు తమ పిల్లల డేటా డిలీట్ చేయమని కోరుతున్నారు. కావలసినవారు పిల్లల పేరు, ఆధార్ నంబరు ఈ గ్రూపులో పెట్టగలరు. రేపే లాస్ట్ డేట్."

పడుకునే ముందు చూస్తే 32 ఆధార్ నంబర్లు వరసగా ఉన్నాయి. ముప్పై రెండోది మావాడిదే. మా ఆవిడ పెట్టింది.