డేగలకు కుటుంబ నియంత్రణ, కెమెరాతో

ఇద్దరు చాలన్న నోటితోనే మన నాయకులు ఇప్పుడు ఇంకొకరిని కనమంటున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024లో ఎత్తేసింది కూడా. ఒకప్పుడు ఊరూరా గోడల మీద వెలిసిన ఎర్ర త్రికోణం వెలిసిపోయింది. దాంతో కుటుంబ నియంత్రణ పనే ఈ దేశంలో ఆగిపోయిందని కొందరు బెంగపడుతున్నారు. అవసరం లేదు. డేగల్లో, గద్దల్లో, గుడ్లగూబల్లో అది ఘనంగా సాగుతోంది. జీతం లేదు, టీఏ డీఏలు లేవు. లక్షల రూపాయల లెన్సు భుజాన వేసుకుని, ఆదివారం నిద్ర మానుకుని ఈ సేవ చేస్తున్నది గూళ్ళ ఫోటోగ్రాఫర్లు. వీళ్ళను ఇంతవరకూ ఒక్క ప్రభుత్వమూ శాలువా కప్పి సత్కరించలేదు.

చలికాలంలో పని మొదలవుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఇంకా క్వారీ వాళ్ళ కంట పడని రాతిగుట్టలు కొన్ని మిగిలాయి. కొండ గుడ్లగూబ వాటి మీదే కాపురం పెడుతుంది. గూడంటే పుల్లలు, పీచు ఏమీ ఉండవు. రాతి అరుగు మీద గీకిన చిన్న గుంట, అందులో గుడ్లు. పొదగడానికి నెల పైన పడుతుంది. పిల్లలు ఎగరడం నేర్చాక కూడా చాలా నెలలు తల్లిదండ్రుల మీదే ఆధారపడతాయి. ఇంత నిదానంగా సంసారం చేసే పక్షికి నియంత్రణ అవసరమా అని అడగవచ్చు. లొకేషన్ పిన్ వాట్సాప్ గ్రూపులో పడ్డాక ఆ ప్రశ్న అడిగే తీరిక ఎవరికీ ఉండదు. తెల్లవారేసరికి గుట్ట కింద కార్లు బారులు తీరతాయి, ఫ్లాస్కుల్లో టీ దిగుతుంది. ఎవరి ట్రైపాడ్ ఎవరికి అడ్డం వచ్చిందన్న చిన్న తగాదా కూడా అవుతుంది.

మనిషి మరీ దగ్గరికొస్తే ఆ తల్లి ఒక్కోసారి దెబ్బ తగిలినట్టు నటిస్తూ, పడుతూ లేస్తూ దూరంగా ఎగురుతుంది. గూటి వైపు రాకుండా మన చూపు మళ్ళించాలని దాని తాపత్రయం. మనవాళ్ళు దాన్ని యాక్షన్ షాట్ అంటారు. సెకనుకు 20 ఫ్రేములు కొట్టి, తిరిగి గూటి దగ్గరికే వస్తారు, పిల్లల క్లోజప్ బాకీ ఉంది కదా. పిల్లలు బెదిరి రెక్కలు విప్పి, ఒళ్ళంతా ఉబ్బించి, ముక్కు టకటకలాడిస్తాయి. కింద క్యాప్షన్: 'వెల్‌కమ్ చెబుతున్న బుజ్జిగాళ్ళు'.

ఇక్కడ మన జాతి సాధించిన పురోగతి కూడా గమనించాలి. గుడ్లగూబ ఇంట్లో దూరితే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలని నమ్మినవాళ్ళం. మన ఇంటికి అది వస్తే అరిష్టం, దాని ఇంటికి మనం వెళ్తే అవార్డు. అయితే పాడుపెట్టే ఆచారం పూర్తిగా పోలేదు. మన నీడ పదేపదే పడిన గూటిని కొన్నిసార్లు ఆ పక్షే, ఏ పంతులుగారినీ అడక్కుండా, గుడ్లతో సహా వదిలేసి పోతోంది.

ఎండలు ముదిరేసరికి జాలె డేగ వంతు వస్తుంది. అదే, అందరూ షిక్రా అనేది. ఊళ్ళో వేపచెట్టు మీద, కాలనీ పార్కులో కూడా గూడు కడుతుంది కాబట్టి సేవకు పెట్రోల్ ఖర్చు తక్కువ. మూడు నాలుగు గుడ్లు పెడుతుంది, మూడు వారాలకు అటూ ఇటుగా పొదుగుతుంది. మగడేగ తొండనో ఎలుకనో పట్టుకొచ్చి ఆడదానికి అందించే క్షణం ఉంది చూశారూ, దాని కోసం మనవాళ్ళు చెట్టు కింద గంటల తరబడి కాపు కాస్తారు. కింద మనుషులున్నంతసేపూ మగడేగ ఆ తొండతో పక్క చెట్టు మీదే తచ్చాడుతుంది. గూట్లో పిల్లలు ఆకలితో అరుస్తుంటాయి. ఓపిక పరీక్షలో ఎప్పుడూ గెలిచేది ఫోటోగ్రాఫరే, ఆయన బ్యాగులో బిస్కట్లున్నాయి.

ఆకులు అడ్డొస్తే 'గార్డెనింగ్' చేస్తారు. ఈ విద్యలో మొక్కలు నాటడం ఉండదు. గూటికీ లెన్సుకీ మధ్యనున్న కొమ్మను కొంచెం వంచడం, కట్టెయ్యడం, మాట వినకపోతే విరిచెయ్యడం. దాంతో ఫ్రేము శుభ్రమవుతుంది. మే నెల ఎండ కూడా శుభ్రంగా లోపలికి దిగుతుంది. నిన్నటిదాకా ఆకుల చాటున ఉన్న గూడు ఫోటోగ్రాఫర్‌కి ఎంత స్పష్టంగా కనిపిస్తుందో, ఎదురు డాబా మీది కాకికీ అంతే స్పష్టంగా కనిపిస్తుంది. కాకి లైకు కొట్టి ఊరుకోదు. తల్లి లేచి వెళ్ళేదాకా ఆగుతుంది. తల్లిని లేపే బాధ్యత మనవాళ్ళు ముందే తీసుకున్నారు.

లేవని తల్లి అక్కడే నిలబడి, రెక్కలు గొడుగులా విప్పి, పిల్లలకు నీడ పడుతుంది. నలభై దాటిన ఎండలో కొత్తగా పుట్టిన పిల్ల ఆ నీడ లేకుండా ఎక్కువసేపు బతకదు. ఈ దృశ్యానికి మార్కెట్ కూడా చక్కగా కుదిరింది. మదర్స్ డే మే రెండో ఆదివారం వస్తుంది. 'అమ్మంటే ఇదే' అని రాసి పోస్టు పెడితే, నోరు తెరిచి రొప్పుతున్న ఆ పక్షికి వందల హార్టులు. ఇంకో నాలుగు ఫ్రేముల కోసం చప్పట్లు కొట్టి దాన్ని లేపిన సంగతి, ఫోటోతో పాటు కెమెరా దానంతటదే రాసుకునే వివరాల్లో, అదే ఎగ్జిఫ్ డేటాలో, నమోదు కాదు.

ఆ హార్టులు పెట్టేవాళ్ళు సొంత విషయంలో మాత్రం మహా జాగ్రత్తపరులు. మనవడు పుడితే మొహం మీద పసుపురంగు ఎమోజీ అతికించి గానీ ఫోటో బయటపెట్టరు, దిష్టి తగులుతుందట. పురిటి గదిలోకి పక్కింటావిడనే రానివ్వరు. 600 ఎంఎం లెన్సుకు దిష్టి అంటదని ఏ శాస్త్రంలో చదివారో!

ఇంకా ఎగరడం రాని పిల్లలు, చెట్టెక్కే మనిషిని చూసి బెదిరి, గూట్లోంచి దూకేస్తాయి. అప్పుడు రెండో ఘట్టం మొదలవుతుంది: రెస్క్యూ. దూకించినాయనే పిల్లను అరచేతిలో పెట్టుకుని సెల్ఫీ దిగుతాడు. రెండు పోస్టులూ ఒకే గూటివని ఎవరూ గమనించరు.

ఈ సేవకు పాతతరంవాళ్ళు పెట్టిన అడ్డంకులు వింటే జాలేస్తుంది. బ్రిటన్‌లో తొలితరం పక్షి ఫోటోగ్రాఫర్లు కియర్టన్ సోదరులు పక్షుల్ని బెదిరించకూడదని ఎద్దు చర్మంతో డొల్ల బొమ్మ చేయించి, అందులో దూరి కూర్చునేవారు. అక్కడిదే ఇంకో ఫోటోగ్రాఫర్ ఎరిక్ హోస్కింగ్‌కు 1937లో గూటి దగ్గర ఒక గుడ్లగూబ కన్ను పీకేసినా కెమెరా వదల్లేదు. ఆ కాలంలో హైడ్‌ను, అంటే పక్షికి కనపడకుండా కూర్చునే చాటును, రోజుకు కొంచెం చొప్పున ముందుకు జరిపి, పక్షికి అలవాటైందని నమ్మకం కుదిరాకే లోపల కూర్చునేవాళ్ళట. ఎన్ని సెలవులు కావాలి దానికి! అక్కడ 1981 నాటి చట్టం ప్రకారం ఎన్నో వేట పక్షుల్ని గూటి దగ్గర కలవరపెట్టే ఫోటోగ్రఫీకి లైసెన్సు కూడా కావాలి. మన దగ్గర క్యామో జాకెట్ చాలు. వెనక ఆగిన కారు తెల్లదైనా సరే.

అసలు బాధ మన చట్టంతోనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట'కు ఇచ్చిన నిర్వచనంలో అడవి పక్షుల గుడ్లను, గూళ్ళను కలవరపెట్టడం కూడా ఉంది. అంటే తుపాకీ పట్టినవాడినీ, ట్రైపాడ్ పట్టినవాడినీ ఒకే గాటన కట్టారు. తుపాకీకి ఒక పక్షే పడుతుంది. ఒక సీజన్ సంతానాన్ని మొత్తంగా సరిచేసే నైపుణ్యాన్ని ఆ మొరటు పనితో పోల్చడం ఎంత అన్యాయం! కొన్ని ఫోటో పోటీలవాళ్ళయితే గూటి చిత్రాలు పంపొద్దని నిబంధనే పెట్టేశారు. పక్షులు చూసేవాళ్ళు తమ లెక్కలు నమోదు చేసే ఈ-బర్డ్ సైటులో కొన్ని పక్షులు ఎక్కడున్నాయో బయటకు చూపించడం లేదు. సేవకులు ఎక్కడికి పోవాలి?

ఎక్కడికంటే, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట ఉంది. పొడుగుముక్కు రాబందులు గూళ్ళు పెట్టిన చోటు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు దేశంలోని రాబందుల్ని తుడిచిపెట్టాక, 2006లో దాన్ని నిషేధించాక, మిగిలిన కాసిన్నిటిలో కొన్ని ఇక్కడికి చేరాయి. ఈ రాబందు జంట ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది. 'ఇద్దరు చాలు' నినాదాన్ని సగానికి తెచ్చిన ఆదర్శ దంపతులు. వీటి దగ్గర పని మరీ తేలిక, ఒక్క డ్రోను చాలు.

కాబట్టి నా డిమాండు సూటిగా చెబుతాను. చట్టంలో ఆ నిర్వచనం దగ్గర 'వేట' కొట్టేసి 'కుటుంబ సంక్షేమం' అని రాయాలి. అంతదాకా మనవాళ్ళు కొత్తగా చేయాల్సిందేమీ లేదు. ఫోటో కింద 'పక్షి క్షేమం దృష్ట్యా లొకేషన్ చెప్పలేను, క్షమించండి' అని రాసి, అడిగినవాళ్ళకు ఇన్‌బాక్స్‌లో పిన్ పంపిస్తే సరి. ఆ పద్ధతి ఇప్పటికే బ్రహ్మాండంగా నడుస్తోంది.