నట్లు విప్పండి, అంతే!

పాత కార్ల మరమ్మతు పుస్తకాల్లో ఒక వాక్యం ఉంటుంది: ‘ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నట్లు విప్పి, మానిఫోల్డ్‌ను తీసివేయండి.’ మానిఫోల్డ్ అంటే ఇంజను వదిలే పొగను పోగుచేసి గొట్టంలోకి పంపే లోహపు భాగం. ఇంత పొదుపుగా ఇంత పెద్ద అబద్ధం ఆడటం మామూలు ప్రతిభ కాదు. అధ్యాయం చివర కొసమెరుపు కూడా ఉంటుంది: ‘బిగించేటప్పుడు ఇదే క్రమాన్ని తిరగేసి పాటించండి.’ అంటే విరిగిన స్టడ్‌ను, అదే నట్టు ఎక్కే మర కడ్డీని, అతికించి, చీరుకుపోయిన వేళ్ల చర్మాన్ని తిరిగి తొడిగి, తిట్టిన తిట్లన్నీ వరుసగా వెనక్కి మింగాలన్నమాట.

ఆ వాక్యం ఎలా పుట్టి ఉంటుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇంజను కారులో లేదు. నడుమెత్తు బల్ల మీద, నాలుగు వైపులా గాలీ వెలుతురూ ఆడేలా నిలబడి ఉంది. ఫ్యాక్టరీ నుంచి ఆ రోజే వచ్చింది కాబట్టి నట్ల మెరుపు ఇంకా తగ్గలేదు. ఇస్త్రీ మడత నలగని కోటు వేసుకున్న రచయితగారు రెండు వేళ్లతో నట్టును తిప్పుతారు. అది వినయంగా ఊడి అరచేతిలో పడుతుంది. సహాయకుడు ఫొటో తీసి, భయపడుతూనే అడుగుతాడు:

‘అయ్యా, ముప్పై ఏళ్లు తిరిగిన బండిలో కూడా ఇలాగే ఊడుతుందా?’

‘అప్పటికి ఈ పుస్తకం ఎవరు చదువుతారయ్యా?’

‘మరి ఇంజను కారులోనే ఉంటే?’

‘కారులో ఉండగా ఎందుకు విప్పుతారు? అక్కడ చెయ్యి పట్టదు కదా!’

ఈ చివరి మాట మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు.

రచయితను ఒక్కడినే అని లాభం లేదు. 1959లో వచ్చిన మినీ కారునే తీసుకోండి. దాని రూపకర్త అలెక్ ఇసిగోనిస్ ఇంజనును అడ్డంగా తిప్పి అమర్చి, అంత చిన్న బండిలో నలుగురు కూర్చునే చోటు సంపాదించాడు. మహానుభావుడు, కాదనను. ఆ తిప్పడంలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కాస్తా వెనకాల, ప్రయాణికులకూ ఇంజనుకూ మధ్య ఉండే రేకు గోడ వైపుకు పోయింది. నలుగురు మనుషులకు చోటు చూసిన మేధావికి ఒక్క మనిషి చేతికి చోటు చూడాలని తోచలేదు.

ఇక లెక్క చూడండి. నట్టుకు ఆరు ముఖాలు. స్పానర్‌ను తీసి మళ్లీ తగిలించాలంటే అరవై డిగ్రీలు తిరగాలి. తల ఏటవాలుగా ఉన్న స్పానర్‌ను ప్రతిసారీ బోర్లించి పెడితే ముప్పైతో సరిపెట్టుకోవచ్చు. గోడ మనకు దయతో విదిల్చేది పది. మిగిలిన ఇరవై డిగ్రీలూ భగవంతుడి పూచీ. ఈలోగా ఎవరో వచ్చి, అర అంగుళం నట్టుకు పదమూడు మిల్లీమీటర్ల సాకెట్ సరిపోతుందని సలహా ఇస్తారు. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ కాస్త వదులు చాలు, తుప్పు పట్టిన నట్టు అంచులన్నీ అరిగి గుండ్రంగా, నున్నగా, గోలీకాయలా తయారవడానికి.

నట్టు తప్పేమీ లేదు. ఇంజను నడిచినప్పుడల్లా కాగింది, ఆపినప్పుడల్లా చల్లారింది, తడి తగిలినప్పుడల్లా తుప్పు పట్టింది. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టు లోపలి మర చుట్ల మధ్య సందు పూడిపోయాక ఎంత నూనె పోసినా లోపలికి దిగదు. నట్టును ఎర్రగా కాలిస్తే కొంత ఆశ ఉంటుంది, పక్కనే పెట్రోలు గొట్టం లేకపోతే. ఉంటుంది. స్టడ్ కాస్తా తెగిందనుకోండి, దాన్ని తీయడానికి దించిన ఎక్స్‌ట్రాక్టర్ కూడా లోపలే విరుగుతుంది. అది డ్రిల్లుకు లొంగనంత గట్టి ఉక్కు. ఇదంతా జరగకూడదనే తుప్పు పట్టని ఇత్తడి నట్లు వాడేవారు. నాలుగు కాసులు మిగుల్చుకోవడానికి వాటి స్థానంలో మామూలు ఇనుప నట్లు బిగించిన పుణ్యాత్ములకు వేరే లోకం ఉండే ఉంటుంది.

అయితే వీరందరినీ మించిన మెకానిక్ ఒకడున్నాడు. ముందు వైపు నట్లన్నీ శుభ్రంగా బిగిస్తాడు. వెనక మూలన చెయ్యి అందని ఆ ఒక్కటి మాత్రం వదిలేస్తాడు. ‘కనపడదు కదా’ అనుకుంటాడు. ఏళ్ల తర్వాత అద్దం పెట్టి చూస్తే అక్కడ నట్టు ఉండదు, గ్యాస్కెట్ (పొగ బయటికి రాకుండా అతుకులో పెట్టే పొర) సందులోంచి పొగ చిమ్మిన నల్లటి మసి ఉంటుంది. కాస్త చప్పుడే కదా అంటారు. కాదు. ఆ సందులోంచి వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. పాత బండి రేకు గోడలో వైర్ల కోసం, తీగల కోసం చేసిన ప్రతి రంధ్రమూ దానికి దారే. గోడకు అవతల వెనక సీటులో ఎవరి బిడ్డో నిద్రపోతుంటుంది. ఆ నిద్ర అలసటదో విషానిదో ముందు కూర్చున్న తల్లిదండ్రులకు ఎలా తెలుస్తుంది? చెయ్యి పట్టలేదా? ఇంజను దించు. దించడం రాదా? రాదని చెప్పు. సిగ్గు పడు, డబ్బు వదులుకో, బండిని నెట్టించి వెనక్కి పంపు. అంతేగానీ తుడిచి, మెరుగు పెట్టి, ‘అంతా బాగుంది’ అని నవ్వుతూ తాళం చెవి వాళ్ల చేతిలో పెట్టకు.