మా గీజరు గోవిందా!

తిరుపతిలో ఇల్లున్నవాడికి చుట్టాల కరువుండదు. ఎప్పుడో ఒక పెళ్లి పంక్తిలో పక్కన కూర్చుని భోంచేసినవాళ్లు కూడా "స్వామిని చూసుకుని, అట్నే నిన్నూ చూసిపోదామని" అంటూ దిగుతారు. వాళ్లు చూసేది నన్ను కాదు, మా బాత్‌రూమును. ఇదివరకు వైకుంఠ ద్వారం ఏకాదశి, ద్వాదశి రెండు రోజులే తెరిచేవాళ్లు. 2020 నుంచి పది రోజులు తెరుస్తున్నారు. భక్తులకు అది స్వామి దయ. మా గీజరుకు మాత్రం ఎనిమిది రోజుల ఓవర్‌టైము.

తిరుపతిలో గీజరేంటని బయటూరివాళ్లు నవ్వుతారు. నిజమే, మే నెల మధ్యాహ్నం మా మిద్దెమీది ట్యాంకు నీళ్లలో కందిపప్పు పోస్తే ఉడికేట్టుంటుంది. కానీ ధనుర్మాసంలో, తెల్లవారుజామున రెండున్నరకు, శేషాచలం మీంచి దిగే గాలిలో బట్టలిప్పి నిలబడి చూడండి. నవ్వు దానంతటదే ఆగిపోతుంది.

అట్లాంటి ఒక రాత్రి కడప నుంచి మా మేనమామ దిగినాడు. అత్త, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, మొత్తం ఆరుగురు. దర్శనం టికెట్లు పొద్దున్నే ఉన్నాయి, నాలుగింటికల్లా అలిపిరి దాటాలి. రాగానే అందరూ కాళ్లూ చేతులూ మొహాలూ కడుక్కున్నారు. మామ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "ఏం నీళ్లురా నాయనా, సలసలా కాగతా ఉండాయి! మీ గీజరు మంచి కంపెనీది అబ్బోడా" అని మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయినాను. అదే రోగలక్షణమని అప్పుడు తెలిస్తే కదా.

మా గీజరుకు రెండు దీపాలు. ఎర్రది కరెంటు వచ్చిందని చెప్పేది. పసుపుది నీళ్లు కాగుతున్నాయని చెప్పేది, కాగినాక అది ఆరిపోతుంది. తెల్లవారుజామున లేచి చూస్తే ఎర్రది వెలుగుతోంది, పసుపుది ఆరిపోయి ఉంది. "మామా, నీళ్లు రెడీ" అన్నాను.

మామ లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు. చెంబు చప్పుడైంది. మరుక్షణం, "గోవిందా! గోవిందా!" అని గోడలు అదిరేట్టు ఒక కేక. ఆహా, ఏమి భక్తి అనుకున్నాం. హాల్లో ఉన్నవాళ్లమంతా చేతులెత్తి "గోవిందా" అన్నాం. లోపల రెండో చెంబు. ఇంకా గట్టిగా "గోవిందా!" మేం ఇంకా గట్టిగా "గోవిందా!" పూజ గదిలోంచి మా అమ్మ కూడా అందుకుంది. అయిదో చెంబుకు గొంతు పోయినట్టుంది, "గో..." దగ్గరే ఆగింది. తలుపు తీసుకుని బయటికొచ్చిన మామ పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

"ఒరే, నీ గీజరు గోవిందా రా" అన్నాడు.

మామ కరెంటాఫీసులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైనాడు. బిల్లులు రాసే సెక్షన్లో. అయినా కరెంటు కరెంటే కదా అని ఆయన వాదన. పళ్లు టకటకలాడిస్తూనే టెస్టరు తెమ్మన్నాడు. తడి లుంగీతో, తడి కాళ్లతో, ప్లగ్గు దగ్గర టెస్టరు! మా ఆవిడ పరుగున పోయి మెయిన్ ఆఫ్ చేసింది. ఇల్లంతా చీకటి. ఆ చీకట్లో అత్త, "ఆయన చాతగాని పనికే ముందు పోతాడు లేమ్మా" అంది. ఆ రాత్రి మా ఇంట్లో సరిగ్గా పనిచేసినవి ఆ మెయిన్ స్విచ్, ఆ మాట, రెండే.

ఇంకా అయిదు స్నానాలు మిగిలున్నాయి. అటకమీంచి పాత హీటర్ రాడ్డు దించినాం. అది నీళ్లలో మునిగినంతసేపు బుద్ధిగానే ఉంది. కాగినాయో లేదో చూద్దామని పిల్లోడు వేలు పెట్టబోతే అత్త వీపు మీద ఒకటిచ్చింది. మంచి పని చేసింది, స్విచ్ తీయకుండా ఆ నీళ్లను ముట్టుకోకూడదు. ఇంతలో తొందరపడి మామ కొడుకు ఆ బకెట్లోంచే సగం నీళ్లు ఇంకోదాంట్లోకి ముంచుకున్నాడు. నీటిమట్టం దిగింది, రాడ్డు పైకి తేలి ప్లాస్టిక్ బకెట్టుకు ఆనుకుంది. కాలిన వాసన మాకు చేరేసరికి బకెట్టుకు కిటికీ వచ్చింది.

మిగతాది గ్యాసు పొయ్యి మీద. కుక్కరు, ఇడ్లీ పాత్ర, చారు గిన్నె, అన్నీ ఎక్కినాయి. చారు గిన్నె అత్త వంతుకొచ్చింది. స్వామి దర్శనానికి మిరియాల వాసనతో పోయిన భక్తురాలు బహుశా ఆమె ఒక్కతే.

అంతసేపూ మా అమ్మ గడపలో కూర్చుని ఒకటే మాట. "రాగి బాయిలరు ఉండింటే..." పెరట్లో కొబ్బరి మట్టలతో కాగే ఆ బాయిలరును ఎనిమిదేళ్ల కింద తూకానికి అమ్మి, ఆ డబ్బుతోనే నేను ఈ గీజరు కొన్నాను. ఆ వాక్యాన్ని అమ్మ ఎప్పుడూ పూర్తి చేయదు. అవసరం లేదు కూడా.

మర్నాడు మెకానిక్కు కోసం ఫోన్లు. ధనుర్మాసంలో గీజరు మెకానిక్కు దొరకడం కన్నా బ్రేక్ దర్శనం దొరకడం సులువు. సాయంత్రానికి ఒక పిల్లోడు వచ్చినాడు. కరెంటు తీసేసి మూత విప్పి, ఒక ఎర్ర బొడిపెను చూపించినాడు.

"సార్, ఇది కటౌట్. నీళ్లు కాగినాక కరెంటు ఆపే థర్మోస్టాట్ అతుక్కుపోయింది, ఆపాల్సిన చోట ఆపలేదు. నీళ్లు మితిమీరి కాగేసరికి ఇది కొట్టి కరెంటు ఆపేసింది. కాయిల్‌కు కరెంటు రాకపోతే పసుపు లైటు ఎట్ట వెలుగుతాది?"

అంటే పసుపు దీపం ఆరితే నీళ్లు కాగినట్టయినా కావచ్చు, కాయిల్‌కు కరెంటు రానట్టయినా కావచ్చు. కాగినప్పుడూ చచ్చినప్పుడూ ఒకే మొహం పెట్టే దీపాన్ని నమ్మి నేను మేనమామను లోపలికి పంపించినాను.

"అయితే ఆ బొడిపె నొక్కేస్తే సరిపోతుంది కదా?"

"నొక్కితే ఒకసారి కాగుతాది. మళ్లీ కొడతాది. రోగం అట్నే ఉండాది కదా సార్."

తర్వాత నట్లు విప్పి కాయిల్ బయటికి లాగినాడు. దాంతోపాటు అర బకెట్టు తెల్లటి పెచ్చులు జారినాయి. "సార్, ఇది గీజరు కాదు, సున్నపు బట్టీ" అన్నాడు. మా బోరు నీళ్ల ఉప్పు ఎనిమిదేళ్లుగా కాయిల్ చుట్టూ కవచం కట్టుకుంది. లోపల ఒక మెగ్నీషియం కడ్డీ ఉండాలట. తుప్పంతా తన మీద వేసుకుని, తాను అరిగిపోతూ ట్యాంకును కాపాడుతుందట. మాదాంట్లో దాని తీగ ఒక్కటే మిగిలింది. ఉమ్మడి కుటుంబంలో పెద్దకొడుకు గుర్తొచ్చి నాకు కాస్త బాధేసింది. అది పోయినాక తుప్పు నేరుగా ట్యాంకుకే పట్టి, అడుగున కారడం మొదలైంది.

అప్పుడు వాడి చూపు పక్కనున్న చిన్న వాల్వు మీద పడింది. అది చుక్కచుక్కగా కారుతోందని ఆరు నెలల కింద నేనే దానికి లీకులు మూసే ఎంసీలు ముద్ద పూసినాను, చక్కగా నున్నగా. పిల్లోడు రెండడుగులు వెనక్కి వేసినాడు.

"ఎవరు సార్ ఇది పూసింది?"

"ఎవరో ప్లంబరు" అన్నాను.

"లోపల ప్రెషర్ ఎక్కువైతే పోయేదానికి ఉండే దారి సార్ అది. దాన్ని మూసేస్తే గీజరు బాంబుతో సమానం. ఆ కటౌట్ కొట్టింది కాబట్టి సరిపోయింది."

మా ఆవిడ నా వైపు చూసింది. ఎంసీలు కొనుక్కొచ్చిన రసీదు ఆమె పోపుల డబ్బాలో ఇంకా ఉందని నాకు తెలుసు.

ఇక కొత్తది కొనాలి. ఏది కొనాలో చెప్పడానికి వీధి వీధంతా వచ్చింది. ఎదురింటాయన సోలార్ పెట్టుకోమన్నాడు. ఆయన మిద్దెమీద గొట్టాలు మే నెలలో నీళ్లు మరగబెడతాయి, అప్పుడు తాగడానికి చన్నీళ్లకు మా ఇంటికొస్తాడు. పైగా ఇదే బోరు నీళ్లు, ఇవే పెచ్చులు. కోతులు దూకితే పగిలే గొట్టాల ఖర్చు అదనం. మా బావమరిది గ్యాసు గీజరు చవక అన్నాడు. దాన్ని బాత్‌రూములో పెట్టుకుని తలుపేసుకుంటే వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, స్నానానికి పోయినవాడు నేరుగా వైకుంఠానికే పోవచ్చు. అందుకే గాలాడే చోట, బయటే బిగించాలి. మా ఇంట్లో అట్లాంటి చోటల్లా చెప్పుల స్టాండుంది. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ అన్నారు ఇంకొకరు. అది గిన్నెలు కడగడానికి బాగుంటుంది, మా మామకు బకెట్టు నింపడానికి కాదు.

చివరికి కాగితం మీద లెక్కేసినాను. పాతదాని 15 లీటర్లు 60 డిగ్రీలకు కాగితే, చన్నీళ్లు కలుపుకుని 35 లీటర్ల దాకా తేలుతాయి, అంటే రెండు బకెట్లు. 2000 వాట్ల కాయిల్‌కు అందుకు ఇరవై నిమిషాలు పడుతుంది. ఆరుగురికి మూడు విడతలు, మధ్యలో అత్త తలస్నానం. గీజరు బాగున్నా మేం నాలుగింటికి అలిపిరి దాటేవాళ్లం కాదు! గాంధీ రోడ్డుకు పోయి, ఉప్పునీళ్లకు తట్టుకుంటుందని గ్లాసు పూత ట్యాంకున్న 25 లీటర్లది తెచ్చి బిగించినాం. వాల్వు జోలికి పోనని మా ఆవిడ నాచేత దేవుడి ముందు చెప్పించింది.

నాలుగు రోజులకు మామ ఫోను. "అబ్బోడా, మా వియ్యంకుడోళ్లు వస్తా ఉండారు, ఏడు మంది. నీళ్లు కాగతా ఉండాయా?"

గీజరు వైపు చూసినాను. ఎర్రది వెలుగుతోంది. పసుపుది ఆరిపోయి ఉంది. ఈసారి నేను మోసపోదలుచుకోలేదు. "ఉండు మామా" అని, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, వేడినీళ్ల కుళాయి పూర్తిగా తిప్పి కింద చెయ్యి పెట్టినాను.

"గోవిందా!"

అవతల మామ భక్తిగా అందుకున్నాడు. "గోవిందా, గోవిందా!"