మెనూ కార్డు గారూ, ఆ చేప పేరేంటి?

మహారాజశ్రీ మెనూ కార్డు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీ లామినేషన్ మెరుపు, దాని మీది నూనె వేలిముద్రలు చూస్తే మీరు క్షేమమేనని తెలుస్తోంది.

మొన్న ఆదివారం మీలో 'ఫిష్ ఫ్రై' అని చూసి, "ఏం చేప బాబూ?" అని సర్వర్‌ని అడిగాను. "ఫిష్ సార్" అన్నాడు. "అదే, ఏ ఫిష్?" "బోన్‌లెస్ సార్." లోపలికెళ్ళి కనుక్కొచ్చి, "ఫ్రెష్ సార్" అన్నాడు.

అయ్యా, మనకి చేపల పేర్లకేం కరువు? చందువా, వంజరం, పండుగప్ప, బొమ్మిడాయి, మట్టగిడస, జెల్ల, నెత్తళ్ళు. బుట్ట దించకముందే అమ్మే ఆవిడ పేరు చెప్పేది. పేరును బట్టే బేరం, పేరును బట్టే చింతపండు. దేశమంతా రోహు అనేదాన్ని మనం శీలావతి అన్నాం. 'మీను' అనే పాత మాట కొరమీనును పట్టుకుని ఇంకా బతుకుతోంది. పాట్రిక్ రస్సెల్ అనే దొర విశాఖపట్నంలో పోగేసిన 200 చేపల బొమ్మలతో 1803లో పుస్తకం వేస్తే, చాలా చేపలకి ఇక్కడివాళ్ళు పిలిచే పేర్లే రాసుకున్నాడు. మన వాలుగ అలాగే 'వల్లాగో' అయి శాస్త్రజ్ఞుల లాటిన్‌లో కూర్చుంది. దొర అడిగి రాసుకున్నపాటి ఓపిక తమకెందుకు లేదండీ?

మీ ఇగురు సంగతి ఎత్తను. నీళ్ళు ఇగిరిపోతేనే ఇగురు. మీ గిన్నెలో ముక్క ఈదుతోంది. కెచప్ అనే మాట చైనావాళ్ళ చేపల ఊట పేరు నుంచి వచ్చిందంటారు. ఆ లెక్కన మీ టేబుల్ మీద వంశం తెలిసిన చేప ఆ సీసా ఒక్కటే.

అసలు సంగతి నాకు తెలీదనుకోకు. ముల్లూ రుచీ లేని ఆ తెల్ల ముక్క పంగాసియస్. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల మీద దాన్ని ఫంగస్ అంటారు. ఆ పేరు రాస్తే ఎవడూ ముట్టడని నీ భయం! అందుకే ఒకచోట ఫిష్, ఇంకోచోట బాసా. వియత్నాంలో అసలు బాసా వేరే చేప, దీనికి చుట్టం అంతే. ఫంగస్ అని రాసి ఫంగస్ రేటుకివ్వు, మాట్లాడకుండా తింటాను. పేరు దాచి వంజరం రేటు వేస్తావేం?

బిల్లు కూడా చూశాను. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, సర్వీస్ ఛార్జీ... గుంజిన ప్రతి రూపాయికీ ఓ పేరు పెట్టావు. చేపకి తప్ప.

ఇట్లు,
ముల్లు గుచ్చుకున్నా సరే, పేరు కావాలనే ఓ కస్టమరు