జిమ్మర్ ఫ్రెడెట్ కెరీర్ వృథా అయిందనేవాళ్లకు

ఏడాదికి రెండుమూడుసార్లయినా నా ఫోన్‌కి తిరిగొచ్చే మాట ఒకటుంది. "కాలేజీలో అమెరికా మొత్తానికి నంబర్ వన్. ఎన్‌బీఏలో అడుగుపెట్టగానే చేతులెత్తేశాడు. చిన్న లీగులకు దిగజారాడు. చివరికి చైనాకు పారిపోయాడు. అక్కడ కొట్టిన పాయింట్లు ఎవడికి లెక్క?" ఇదంతా అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు జిమ్మర్ ఫ్రెడెట్ గురించి. ఎన్‌బీఏ అంటే అక్కడి అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగ్. కింద పిల్లలకు ఓ నీతి కూడా తగిలిస్తారు: కాలేజీలో వెలిగినవాళ్ల గతి ఇంతే అని. ఈ మధ్య దానికి "ఒలింపిక్స్‌లోనూ ముంచాడు" అనే తోక చేరింది. బాస్కెట్‌బాల్ బాగా తెలిసినవాళ్లు కూడా దీన్ని ఇంకొకరికి పంపేస్తుంటే మనసు కష్టపెట్టుకుని రాస్తున్నాను.

అందులో నిజమున్న ముక్కను ముందే ఒప్పుకుంటాను. ఎన్‌బీఏలో అతను స్టార్ కాలేదు. 2011 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వరుసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, పదో పేరు అతనిది. తర్వాత పెద్ద స్టార్లయిన ఇద్దరు అతని వెనకే ఉన్నారు: పదకొండో పేరు క్లే థాంప్సన్, పదిహేనోది కవాయ్ లెనార్డ్. ఆ వరుస చూసినప్పుడల్లా, అతను చేరిన శాక్రమెంటో కింగ్స్ జట్టు అభిమానులకు కడుపు మండడంలో తప్పేమీ లేదు. డిఫెన్స్‌లో అతను బలహీనుడే. వేగంగా దూసుకొచ్చే గార్డుల (బంతిని నడిపించే ఆటగాళ్ల) ముందు నిలవలేకపోయాడు.

అయితే "చేతులెత్తేశాడు" అనే మాట వేరు. అతనికున్న అసలు విద్య దూరం నుంచి బంతి వేయడం. అది అతన్ని వదిలిపోలేదు. రెండో సీజన్‌లో మూడు పాయింట్ల షాట్లు 41.7 శాతం పడ్డాయి. ఆ తర్వాతి సీజన్‌లో అంతకన్నా బాగా పడ్డాయి. న్యూ ఆర్లీన్స్‌లో ఆడిన 2014-15 ఒక్కటే ఘోరం, 18.8 శాతం. దాన్ని దాచను. కానీ ఆ ఒక్క ఏడాదిని పట్టుకుని మొత్తం కథ చెప్పేస్తే ఎలా?

అతను చేరిన చోటు ఎలా ఉండేదో కూడా చూడాలి. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో చివరి ఏడాది మ్యాచ్‌కి 28.9 పాయింట్లతో దేశంలోనే మొదటివాడు. న్యూ మెక్సికో మీద ఒక్క మ్యాచ్‌లో 52 కొట్టాడు. ఆ జట్టు ఆటంతా అతని చేతిలోని బంతి చుట్టూ అల్లుకున్నది. శాక్రమెంటోలో ఆ బంతే అతనికి అందలేదు. లాకౌట్ (యజమానులకు, ఆటగాళ్లకు మధ్య వివాదంతో లీగ్ మూతపడడం) వల్ల ఆ ఏడాది సమ్మర్ లీగ్, అంటే కొత్తవాళ్లు ఆడే వేసవి పోటీలు, జరగలేదు. సీజన్ క్రిస్మస్ రోజున మొదలైతే ఏడు మ్యాచ్‌లకే కోచ్‌ను తీసేశారు. మూడేళ్లలో ముగ్గురు కోచ్‌లు. టైరీక్ ఎవాన్స్, మార్కస్ థార్న్‌టన్ అనే గార్డులు అప్పటికే అక్కడున్నారు. అదే డ్రాఫ్ట్‌లో ఆఖరి పిక్‌గా వచ్చిన ఐజయా థామస్ అందరినీ దాటుకుపోయాడు. రెండో ఏడాది ఫ్రెడెట్‌కి దక్కింది మ్యాచ్‌కి సగటున 14 నిమిషాలు. చేయి వేడెక్కేలోపే బెంచి మీద కూర్చోవాలి. థామస్ నెగ్గుకొచ్చాడు, ఇతను నెగ్గలేదు, నిజమే. అయినా లోపం ఒక్కడి వైపే ఉందంటే నేను ఒప్పుకోను.

ఇక "దిగజారాడు" అనే మాట. నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఎన్‌బీఏలో 30 జట్లు, ఒక్కో జట్టులో 15 మంది. అంటే 450 ఉద్యోగాలు, పోటీకి ప్రపంచమంతా. వాటికి ఒక్క మెట్టు కింద ఉన్నదే అప్పటి డి-లీగ్, 2017 నుంచి జీ లీగ్. పాస్కల్ సియాకమ్, ఫ్రెడ్ వాన్‌వ్లీట్ టొరంటోలో ఎన్‌బీఏ చాంపియన్లు కాకముందు ఆ లీగ్‌లో చాంపియన్లు. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు, మన సత్నామ్ సింగ్ ఆడింది కూడా అక్కడే, తెలుగువాళ్లు దండిగా ఉండే ఫ్రిస్కోలోని టెక్సాస్ లెజెండ్స్‌కి. ఫ్రెడెట్ 2015లో వెస్ట్‌చెస్టర్ నిక్స్‌లో చేరేనాటికి ఆ లీగ్‌లో సీజన్ మొత్తానికి జీతం 30 వేల డాలర్లు కూడా దాటేది కాదు. దేశంలోని పెద్ద కాలేజీ అవార్డులన్నీ అందుకుని, ఎన్‌బీఏలో నాలుగేళ్లు ఆడినవాడు అలాంటి చోటికి వెళ్లి, 2016 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో 35 పాయింట్లు కొట్టి ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. కొద్ది రోజులకే న్యూయార్క్ నిక్స్ 10 రోజుల కాంట్రాక్ట్ ఇచ్చింది. పేరున్నవాడు చిన్న హాల్లో కొద్దిమంది ముందు అంత శ్రద్ధగా ఆడడానికి ఎంత మనసు కావాలి! దాన్ని దిగజారడం అనడానికి నాకు నోరు రాదు.

"చైనాకు పారిపోయాడు" అన్నదానికి జవాబు క్లుప్తంగానే చెప్తాను. పిలిచింది షాంఘై షార్క్స్, చైనా బాస్కెట్‌బాల్ దిగ్గజం యావ్ మింగ్ ఆడి పెరిగిన క్లబ్. అప్పటికి దాని యజమాని కూడా ఆయనే. మొదటి సీజన్‌లోనే మ్యాచ్‌కి 37 పాయింట్లు దాటాడు, లీగ్‌లో విదేశీ ఆటగాళ్ల ఎంవీపీ అయ్యాడు. ఒక మ్యాచ్‌లో 73, 2018 నవంబరులో మరో మ్యాచ్‌లో 75. అక్కడివాళ్లు జిమ్మర్ పేరు పలుకుబడికి దగ్గరగా "ఒంటరి దేవుడు" అనే అర్థం వచ్చే ముద్దుపేరు పెట్టుకున్నారు. లీగ్ స్థాయి ఎన్‌బీఏ కన్నా తక్కువే. కానీ అక్కడికి వెళ్లిన అమెరికన్లందరూ 75 కొట్టలేదు కదా! 2019 మార్చిలో ఫీనిక్స్ సన్స్ జెర్సీతో సాల్ట్‌లేక్ సిటీలో దిగితే ప్రత్యర్థి జట్టు అభిమానులే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అతను చదివిన ప్రొవో ఆ ఊరికి దగ్గర్లోనే ఉంది. తర్వాత గ్రీస్‌లో పనాథినైకోస్‌కి ఆడాడు.

ఆఖరిది, పారిస్. త్రీ ఆన్ త్రీ ఆటలో జట్టుకి నలుగురే. ముగ్గురు కోర్టులో, ఒకడు బయట. 2023 ప్రపంచ కప్‌లో అమెరికాకి రజతం, అదే ఏడాది పాన్ అమెరికన్ క్రీడల్లో స్వర్ణం వచ్చిన జట్లలో ఫ్రెడెట్ ఉన్నాడు. 2024 ఒలింపిక్స్‌లో రెండో మ్యాచ్‌లోనే తొడ లోపలి కండరం దగ్గర గాయమైంది. బదులు ఇంకొకరిని తెచ్చుకునే వీల్లేదు. మిగిలిన ముగ్గురూ ఊపిరి తీసుకోవడానికి మార్చుకునే మనిషి లేకుండా మిగతా మ్యాచ్‌లన్నీ ఆడారు. జట్టు రెండే గెలిచింది. అతను మాత్రం సాధారణ దుస్తుల్లో కోర్టు పక్కనే కూర్చున్నాడు. అప్పటికి వయసు 35.

2025 ఏప్రిల్‌లో రిటైరయ్యాడు. ఇప్పుడు అమెరికా పురుషుల త్రీ ఆన్ త్రీ జాతీయ జట్టు బాధ్యతలు అతని చేతిలోనే ఉన్నాయి.